గాలికీ మరకీ మధ్య

పోయిన వారం మామయ్యని కార్యదర్శి గారి గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. భుజాన పిండి సంచి, మొహాన నవ్వు, నోట్లో సగం మాట. పెద్దవాణ్ణి ఏడు రోజులపాటు అలా గుమ్మంలో నిలబెట్టడం ఏం మర్యాదని పాఠకులు ఉత్తరాలు రాశారు. నిజమే, తప్పు నాదే. లోపలికి రానిద్దాం. కాకపోతే కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం, ఆయన కాలు లోపల పెట్టేలోగా నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

మన కథానాయిక శాసనసభ అచ్చు విభాగంలో ప్రూఫులు దిద్దుతుంది. పదకొండేళ్లుగా అదే కుర్చీ, అదే నీలం పెన్ను. ఆఫీసంతా ఆమెని దిద్దుబాటమ్మ అంటుంది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఎండ నుంచీ గాలి నుంచీ నీళ్ల నుంచీ కరెంటు తీసేవాళ్లకి ప్రభుత్వం లైను ఇచ్చి తీరాలని ఒక బిల్లు తయారైంది. ఏవేవి ఆ చట్టం కిందికి వస్తాయో చెప్పే రెండో సెక్షన్లో, చిత్తుప్రతిలో ‘ఇంటి కప్పు మీద పడే ఎండ, గాలి మర, పారే నీరు’ అని ఉంది. అచ్చులో మాత్రం ‘గాలి, మర’ అని పడింది. ఒక్క కామాతో గాలి వేరు, మర వేరు అయిపోయాయి. మర అన్నాక పిండి మర మాత్రం మర కాదా? ఊళ్లోని నలభై ఒక్క పిండి మరల వాళ్లూ మేమూ చట్టంలో ఉన్నామంటూ, కోతల్లేని లైను కోసం ముందస్తుగా పేర్లు రాయించేసుకున్నారు. అందరికంటే ముందు రాయించుకున్నవాడు దిద్దుబాటమ్మ మేనమామ.

లైను మోయగలిగేది నలభై కనెక్షన్లే. వరసలో నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు స్థానాల్లో నిలబడ్డవి గుట్ట మీది సంఘం వాళ్ల మూడు నిజమైన గాలిమరలు. రెక్కలకి తాళ్లు కట్టించుకుని రెండేళ్లుగా ఆ లైను కోసమే ఎదురుచూస్తున్నాయి పాపం. వాటి మంచిచెడ్డలు చూసే మెకానిక్ దిద్దుబాటమ్మ మొగుడు. అంటే గాలి వైపు మొగుడు, మర వైపు మేనమామ, మధ్యలో కామాతో ఆవిడ.

మేనమామ కోసమే ఆ కామా పెట్టిందని శాసనసభ కార్యదర్శి గారి అనుమానం. మధ్యాహ్నం రెండింటికి బిల్లు సభలో ఆమోదానికి వస్తుంది. ఈలోగా కామా ఎలా వచ్చిందో తేల్చలేకపోతే ఆమెని ఉద్యోగం నుంచి తీసేస్తూ కాగితం ఇస్తానన్నారు. కాగితం టైపై బల్ల మీద ఉంది, సంతకమే తరువాయి. “మా మామయ్యకీ దీనికీ ఏ సంబంధం లేదండీ” అని ఆమె అంటూ ఉండగానే, ఆ మామయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

ఇక రావయ్యా మామయ్యా.

“నా తల్లే! నా బంగారు తల్లే!” అంటూ వచ్చాడు మామయ్య. “చట్టంలో నా మరని పెట్టేశావు కదే! ఇంతమంది మంత్రులు, ఇంతమంది సభ్యులు, ఏ ఒక్కడికీ తట్టింది కాదు. నా మేనకోడలికి తట్టింది.”

దిద్దుబాటమ్మ కళ్లు మూసుకుంది. భూమి రెండుగా చీలితే దూకేద్దామనుకుంది గానీ, అది మూడో అంతస్తు.

మామయ్య సంచిని కార్యదర్శి గారి బల్ల మీద ధబ్బున పెట్టాడు. అప్పుడే ఆడించిన గోధుమపిండి, ఇంకా వెచ్చగా ఉంది. సంచి మూతి దగ్గరనుంచి తెల్లటి పొగలాంటిది లేచి, నల్లటి నున్నటి ఆ బల్లంతా సన్నగా పరుచుకుంది. కార్యదర్శి గారు అంచుల కొలత తప్పితే కాగితం ముట్టుకోని మనిషి. జేబులో ఎప్పుడూ స్కేలు ఉంటుందని ఆయన్ని చాటుగా స్కేలు గారు అంటారు. అలాంటాయన కోటు చేతుల మీద పిండి పడింది.

“మీరెవరు?” అన్నారు కార్యదర్శి గారు.

“ఈ అమ్మాయి మేనమామనండీ. పిండి మరల సంఘం అధ్యక్షుణ్ణి. మొన్ననే ఎన్నుకున్నారు. అంతా ఈ పిల్ల చలవే.”

“విన్నావా?” అన్నారు కార్యదర్శి గారు దిద్దుబాటమ్మ వైపు తిరిగి. “సంబంధం లేదన్నావు.”

“మామయ్యా,” అంది దిద్దుబాటమ్మ. “నేను పెట్టలేదు మామయ్యా. ఆ కామా తప్పు. దాని వల్ల నా ఉద్యోగం పోయేలా ఉంది. ఇంకో గంటన్నరలో.”

మామయ్య తెల్లమొహం వేశాడు. పిండి మూలంగా అది సగం ముందే తెల్లగా ఉంది కాబట్టి తేడా అంతగా తెలియలేదు. చేతులు రెండూ పంచెకి తుడుచుకుని, ఒకసారి మేనకోడల్నీ ఒకసారి ఆ టైపు కాగితాన్నీ చూసి, మాట్లాడకుండా గోడవారన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మాట్లాడకుండా కూర్చోవడం దిద్దుబాటమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు. ఆమెకి ఏడుపొచ్చింది. తల్లి చనిపోయిన ఏడాది ఆమెని బడికి తీసుకెళ్లిందీ, పరీక్షలప్పుడు మర ఆపి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించిందీ ఈ మనిషే. దిద్దడం అనే పని ఆమెకి మొదట నేర్పినవాడాయన.

కార్యదర్శి గారు ప్రూఫు కాగితం ముందుకి తోశారు. “ఈ చేతిరాత ఎవరిది?”

“నాదేనండీ.”

“ఈ కామా?”

“అదీ నేను పెట్టిందే. కానీ నా అంతట నేను పెట్టింది కాదు. నేను చూసి దిద్దనండీ, విని దిద్దుతాను.”

ఇక్కడ అచ్చు విభాగం పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ప్రూఫు దిద్దడానికి ఇద్దరుండాలి. ఒకరు చిత్తుప్రతి చేత్తో పట్టుకుని పైకి చదువుతారు. రెండోవారు అచ్చుకాగితం మీద కళ్లు పెట్టుకుని వింటారు. ప్రతిసారీ కామా, ఫుల్‌స్టాప్ అని నోటితో అంటూ పోతే చట్టం ఏ జన్మకీ పూర్తికాదు. అందుకని చదివేవారు పెన్సిలు మొదలుతో బల్ల మీద తడతారు. ఒక తట్టు కామా, రెండు తట్లు ఫుల్‌స్టాప్. తట్టు వినపడ్డచోట అచ్చులో గుర్తు లేకపోతే, వినేవాళ్ల చెయ్యి దానంతట అదే పోయి పెట్టేస్తుంది. ఆలోచించడానికి ఆగితే తర్వాతి ముక్క జారిపోతుంది.

“అయితే తట్టిందెవరు?” అన్నారు కార్యదర్శి గారు.

దిద్దుబాటమ్మ నోరు మెదపలేదు. చదివే మనిషి ఒక్కరే. ఆ పేరు చెబితే తన మీది రాయి తీసి ఆయన నెత్తిన పెట్టినట్టు అవుతుంది.

చెప్పకపోయినా పిలిపించారు.

కంఠం గారు వచ్చారు. మనిషి బక్కగా ఉంటారు గానీ గొంతు మాత్రం పెద్ద గదికి సరిపోతుంది. ముప్ఫై నాలుగేళ్లుగా ఈ రాష్ట్రంలో పుట్టిన ప్రతి చట్టం ముందు ఆయన గొంతులోంచే బయటికి వచ్చింది. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. భోజనం మధ్యలో పొరపాటున వేలు రెండుసార్లు తట్టారంటే, అయిపోయిందనుకుని భార్య కంచం తీసేస్తుందట.

“నేను తట్టానా?” అన్నారు కంఠం గారు. కోపం కాదు, దెబ్బ తగిలిన గొంతు. “గాలి దగ్గరా? గాలికీ మరకీ మధ్య? ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క తట్టు ఎక్కువ తట్టలేదు, ఒక్కటి తక్కువ తట్టలేదు. అమ్మాయ్, నువ్వే చెప్పు.”

“మీరు పొరపాటు చేశారని నేను అనలేదండీ,” అంది దిద్దుబాటమ్మ. “నాకు వినపడింది, అంతే.”

“అంటే నేను అబద్ధమాడుతున్నాననా?”

“అయ్యో, కాదండీ. మీరూ నిజమే చెప్తున్నారు, నేనూ నిజమే చెప్తున్నాను.”

“రెండు నిజాలకి ఒక కామా పుట్టదమ్మా,” అన్నారు కార్యదర్శి గారు. ఆయన కటువైన మనిషే, కానీ అన్యాయపు మనిషి కాదు. గడియారం చూసుకున్నారు. పన్నెండూ నలభై. “సరే. ఆ రోజు ఎలా జరిగిందో ఇప్పుడు ఇక్కడే, నా ఎదురుగా జరగాలి. కామా లేని పాత ప్రూఫు తెప్పిస్తాను. మీరు చదవండి. నువ్వు దిద్దు. నేను చూస్తాను.”

కాగితాలు వచ్చాయి. కంఠం గారు బల్లకి ఈ పక్క నిలబడి, పెన్సిలు తిరగేసి పట్టుకుని, గొంతు సవరించుకున్నారు. దిద్దుబాటమ్మ ఆ పక్క కూర్చుని పెన్ను మూత తీసింది. మామయ్య ఊపిరి బిగబట్టాడు. కార్యదర్శి గారు తన టీ కప్పు చేత్తో పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డారు. ఆయనకి ఆ కప్పు ఎప్పుడూ చేతిలో ఉండాల్సిందే. తెల్లది, పాతది, అడుగున ఒకచోట పెచ్చు లేచిపోయింది. పారేయమని ఇంట్లో వాళ్లు ఎన్నిసార్లు చెప్పినా, కొలత సరిపోయిన కప్పు మళ్లీ దొరకదంటారు.

“సెక్షను రెండు,” అని మొదలుపెట్టారు కంఠం గారు. టక్ టక్. “ఈ చట్టంలో, (టక్) సందర్భం వేరుగా చెప్పిననాడు తప్ప, (టక్) పునరుత్పాదక విద్యుత్తు అనగా...”

చదువుతుంటే గదిలో గాలి మారింది. ఆ గొంతులో ఎండ అంటే ఎండలాగే ఉంది, నీరు అంటే నీరులాగే ఉంది. మామయ్యకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ కూర్చున్నాడు.

“...ఇంటి కప్పు మీద పడే ఎండ, (టక్) గాలి మర...”

దిద్దుబాటమ్మ పెన్ను గాలి మీదుగా, మర మీదుగా ఆగకుండా సాగిపోయింది. తట్టు లేదు. గాలికీ మరకీ మధ్య ఏమీ లేదు. కంఠం గారి పెన్సిలు గాలిలోనే ఉంది, బల్లకి జానెడు ఎత్తున. ఆయన అబద్ధం చెప్పలేదు. అంటే తప్పు విన్నది తనే. అయినా చెయ్యి మాత్రం పని మానలేదు, పదకొండేళ్ల చెయ్యి కదా.

కార్యదర్శి గారు నిట్టూర్చారు. ఆయనకీ ఈ పని ఇష్టం లేదు. “...(టక్) పారే...” అని కంఠం గారు చదువుతుండగా, సంతకం పెట్టక తప్పదనుకుంటూ, చెయ్యి ఖాళీ చేసుకోవడానికి కప్పు బల్ల మీద పెట్టారు.

టక్.

“...నీరు,” అంటూ సెక్షను పూర్తిచేసి కంఠం గారు రెండుసార్లు తట్టి ఆపారు.

కార్యదర్శి గారు పెన్ను తీసి, టైపు కాగితం దగ్గరికి లాక్కున్నారు. అలవాటు చొప్పున ముందు ప్రూఫు మీద ఒక చూపు వేశారు. చూపు అక్కడే ఆగిపోయింది.

“ఇదేమిటి? ‘పారే, నీరు’ అని పెట్టావు.”

దిద్దుబాటమ్మ ఉలిక్కిపడి చూసింది. పారేకీ నీరుకీ మధ్య నీలం కామా ఒకటి, ఇంకా తడిగా ఉంది. “తట్టారు కదండీ,” అంది.

“నేను తట్టలేదు!” అన్నారు కంఠం గారు.

“ఇప్పుడు కూడా తట్టలేదా? నాకు స్పష్టంగా వినపడింది. పారే దగ్గర.”

“నాక్కూడా వినపడింది,” అన్నాడు మామయ్య గోడవారనుంచి. “ఆయన కాదు తట్టింది. ఈయన.” పిండి అంటిన వేలు కార్యదర్శి గారి వైపు చూపించింది.

మామయ్య లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. పిండి గురించి ఆయనకి తెలిసినంతగా ఈ భవనంలో ఎవరికీ తెలియదు. “ఒకసారి మీ కప్పు ఎత్తండి సార్,” అన్నాడు. కార్యదర్శి గారు ఎత్తారు. బల్ల మీద పరుచుకున్న పిండిలో గుండ్రంగా ముద్ర పడి ఉంది. పూర్తి గుండ్రం కాదు, ఒకచోట వేలి వెడల్పున తెగింది.

దిద్దుబాటమ్మ ఆ రోజుటి ప్రూఫు చటుక్కున అందుకుని కింది మూల చూసింది. అక్కడ పాత టీ మరక ఒకటి ఉంది. కంఠం గారిదో, తనదో అనుకుని ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గుండ్రటి మరక. ఒకచోట వేలి వెడల్పున తెగింది.

“ఆ రోజు మీరు మా గదికి వచ్చారండీ,” అంది మెల్లిగా. “ఎంతవరకు వచ్చింది, త్వరగా కానివ్వండి అన్నారు. మా బల్ల దగ్గరే నిలబడ్డారు.”

“కప్పుతో,” అన్నారు కంఠం గారు. ఆయనకీ గుర్తొచ్చింది. “చదివేటప్పుడు తలెత్తను కాబట్టి నేను చూడలేదు. కానీ మీ టీ వాసన తెలిసింది.”

కార్యదర్శి గారు మరకనీ ముద్రనీ పక్కపక్కన పెట్టి, జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. ఆయన కదా, కొలవకుండా ఎలా ఒప్పుకుంటారు? రెండూ సరిగ్గా సరిపోయాయి. స్కేలు జేబులో పెట్టుకుని, కుర్చీలో కూలబడి, కప్పుని తలకిందులు చేసి పెచ్చు లేచిన చోటు వేలితో తడుముకున్నారు.

ఇప్పుడొక మాట. గదిలో ఉన్నది నలుగురు. ఆయన పెద్దాయన. తలచుకుంటే కప్పు సంగతి కప్పిపుచ్చడం ఎంతసేపు? నేనైతే కాసేపు ఆలోచించేవాణ్ణి. ఆయన ఆలోచించలేదు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో ఎవరూ వినని చప్పుడు ఒకటి బయటికి వచ్చింది. అది ఆయన నవ్వని తెలుసుకోవడానికి కంఠం గారికి కొంచెం సమయం పట్టింది.

“ఇంటి కప్పు అని చట్టంలో రాసుంటే పైకప్పు అనుకున్నాను,” అన్నాడు మామయ్య. “టీ కప్పా!”

దాంతో అందరూ నవ్వేశారు. దిద్దుబాటమ్మకి నవ్వుతూ నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. కార్యదర్శి గారు టైపు కాగితాన్ని నిలువునా చింపి, మళ్లీ అడ్డంగా చింపి, బుట్టలో వేశారు.

“క్షమించమ్మా,” అన్నారు. “నా కప్పు చేసిన పనికి నీ ఉద్యోగం తీసేయబోయాను. కంఠం గారూ, మీరు కూడా.”

కంఠం గారు బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టారు. ఆయన భాషలో అంటే ఆ విషయం అయిపోయిందని.

కథ ఇక్కడితో ముగిస్తే నాకు హాయిగా ఉండేది. సంపాదకుడు ఊరుకోడు, కామా కూడా ఊరుకోలేదు. అది ఇంకా బిల్లులోనే ఉంది.

కార్యదర్శి గారు చకచకా సవరణ చీటీ రాశారు. ‘రెండో సెక్షన్లో “గాలి, మర” అని ఉన్నచోట “గాలి మర” అని చదువుకోవాలి’. దాన్ని విద్యుత్తు మంత్రి గారు సభలో పైకి చదివితే చాలు, కామా పోయినట్టే. చదవకపోతే మాత్రం అది చట్టమై కూర్చుంటుంది. కింద సంతకం పెడుతుంటే మామయ్య దగ్గాడు.

“అది పోతే మా మరలు చట్టంలోంచి పోయినట్టేనా?”

“అవునండీ,” అన్నారు కార్యదర్శి గారు. “మీ మర కరెంటు తింటుంది. ఈ చట్టం కరెంటు పండించేవాళ్ల కోసం.”

“కోతల్లేని లైను వస్తుందని ఆశపడ్డామండీ. డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు గంటలు గంటలు వరసలో నిలబడతారు. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేక నాకే తలవంపుగా ఉంటుంది.” మామయ్య తల గోక్కున్నాడు. “నలభై మందీ గ్యాలరీలో కూర్చున్నారు, మా పేరు చదువుతారని. వాళ్లకి నేనేం చెప్పను?”

“మామయ్యా,” అంది దిద్దుబాటమ్మ. “మీరు నలభై ఒక్కమందీ వరసలో ముందుంటే మీ అల్లుడి మూడు గాలిమరలూ ఎప్పటికీ తిరగవు. లైను పట్టేది నలభయ్యే.”

మామయ్య ఆమెని తేరిపార చూశాడు. “అల్లుడివా? ఆ గుట్ట మీదవా?”

“అవును.”

“మా వల్ల అవి ఆగిపోతాయని నాకు ఎవ్వరూ చెప్పలేదే! అల్లుడు కూడా చెప్పలేదు. మొన్న ఆదివారం మా ఇంట్లో కూర్చుని కడుపునిండా తిని, నాకు అధ్యక్ష పదవి వచ్చిందంటే చప్పట్లు కొట్టి మరీ వెళ్లాడు.”

“మీ సంతోషం పాడుచేయడం ఇష్టంలేక.”

“వెర్రివెధవ,” అన్నాడు మామయ్య ప్రేమగా. కళ్లు తుడుచుకున్నాడు, మొహం ఇంకాస్త తెల్లబడింది. “అయినా ఆ గాలిమరలు తిరిగితేనే కదా ఊళ్లోకి కరెంటు, కరెంటు వస్తేనే కదా నా మర. పద, ఆ చీటీ తొందరగా పంపించు. నేను గ్యాలరీకెళ్లి మావాళ్లకి చెప్తాను.”

ఒంటి గంటా యాభై అయిదు. నలుగురూ మెట్లు దిగారు. కార్యదర్శి గారు చీటీతో సభలోకి వెళ్లి, మంత్రి గారి ముందు పెట్టి, వంగి చెవిలో రెండు ముక్కలు చెప్పి, సభాపతి పక్కన తన కుర్చీలో కూర్చున్నారు. ఎవరైనా ఏదైనా అడిగితే అవసరమని దిద్దుబాటమ్మనీ కంఠం గారినీ అధికారుల బల్లల దగ్గర కూర్చోబెట్టి, మంత్రి గారికి చూపించారు. మామయ్య గ్యాలరీ మెట్లెక్కాడు.

అక్కడ వచ్చింది చిక్కు. గ్యాలరీలో మాట్లాడకూడదు. మామయ్య నోరు తెరిచాడో లేదో తలుపు దగ్గరి మార్షల్ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. పాపం, మామయ్య చేతులతో చెప్పబోయాడు. వద్దు, లేదు, పోయింది అని గాలిలో అడ్డంగా ఊపాడు. కొత్త అధ్యక్షుడు తమకి హుషారు చెబుతున్నాడని నలభై మందీ అనుకున్నారు.

విద్యుత్తు మంత్రి గారు లేచారు. మంచి మనిషి, నలుగురూ మెచ్చుకుంటే ఇంకా మంచి మనిషి. చప్పట్లంటే ఆయనకి ప్రాణం. సెక్షనుల మీదుగా మాట్లాడుతూ రెండో సెక్షను దగ్గరికి వచ్చి, “ఎండ, గాలి, మర” అన్నారు, రాసి ఉన్నట్టే ఒత్తి పలుకుతూ.

పైన నలభై జతల చేతులు ఒక్కసారి మోగాయి. నలభై మంది చేతుల్లోంచీ పిండి లేచి, వెలుతురులో మెరుస్తూ సభ మీద మెల్లిగా దిగింది. సభాపతి గంట కొట్టారు. మంత్రి గారు పైకి చూసి మైమరిచిపోయారు. మూడుసార్లు మంత్రిగా చేశారు గానీ, ఆయన ఉపన్యాసం మధ్యలో గ్యాలరీ చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి.

అప్పుడు ఆయనకి ముందున్న చీటీ గుర్తొచ్చింది. తీసి చదివారు. పైకి చూశారు. మళ్లీ చీటీ చూశారు. చదవండి, చదవండి అనుకుంది దిద్దుబాటమ్మ లోపల.

మంత్రి గారు చీటీని నీటుగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

“ఈ కామా పొరపాటున పడిందని కొందరంటున్నారు అధ్యక్షా,” అన్నారు. “పడలేదు. ఆలోచించి నేనే పెట్టించాను. శ్రమించే ప్రతి మరకీ ఈ చట్టంలో చోటుండాలని. ఎవరికైనా అనుమానముంటే, స్వయంగా ఆ కామా పెట్టిన ఉద్యోగిని అదుగో, అక్కడే ఉన్నారు.”

పైన మళ్లీ చప్పట్లు. సభ మొత్తం తల తిప్పి చూసింది. కార్యదర్శి గారు నుదురు పట్టుకున్నారు. గ్యాలరీలో మామయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

సభాపతి కళ్లజోడు సర్దుకున్నారు. ముసలాయన, తొందరలేని మనిషి. “సభ్యులు కానివారు ఇక్కడ మాట్లాడే ఆచారం లేదు,” అన్నారు. “కానీ మంత్రి గారే సాక్ష్యం చూపించారు కాబట్టి నేను అనుమతిస్తున్నాను. అమ్మా, మంత్రి గారు చెప్పింది నిజమేనా?”

అవునంటే చాలు. ఇందాక చిరిగిన కాగితం మళ్లీ ఎవరూ టైపు చేయరు, మంత్రి గారు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు, మామయ్య అధ్యక్షుడుగానే ఉంటాడు. కాదంటే, నిండు సభలో మంత్రిని కాదన్న ప్రూఫ్‌రీడరు రేపు ఏ కుర్చీలో కూర్చుంటుందో ఎవరికీ తెలియదు. గుట్ట మీద తాళ్లతో కట్టిన రెక్కలు కళ్ల ముందు మెదిలాయి. ప్రతి ఉదయం ఆ తాళ్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, ఇవాళ కాదులే అని నవ్వుతూ గుట్ట దిగివచ్చే మనిషి కూడా మెదిలాడు.

పక్కనే కంఠం గారు ఉన్నారు. తల ఎత్తలేదు. బల్ల మీద వేలు మాత్రం కదిలింది.

టక్.

ఒక్కసారే. దిద్దుబాటమ్మ రెండోదాని కోసం ఆగింది. అది రాలేదు. అంటే ఇది ఇక్కడ ఆగే వాక్యం కాదు.

ఆమె లేచి నిలబడింది. నీలం పెన్ను గుప్పిట్లో బిగించి పట్టుకుని, సభాపతి కళ్లలోకి సూటిగా చూస్తూ నోరు తెరిచింది.

“అధ్యక్షా,